మరిగిస్తే పోదు ఫ్లోరైడ్

కనిగిరి, పొదిలి, దర్శి వైపు పిల్లల పళ్ల మీద గోధుమ రంగు చారలు కనిపిస్తే ‘సరిగ్గా తోముకోడు’ అని కోప్పడే పెద్దలు ఇంకా ఉన్నారు. ఎంత తోమినా ఆ చారలు పోవు. అవి తాగే నీటి వల్ల వచ్చినవి. 1937లోనే డాక్టర్ షార్ట్, ఆయన సహచరులు ఈ ప్రాంతంలో ఎముకలు బిగుసుకుపోయిన రోగులను పరీక్షించి, బావి నీటిలోని ఫ్లోరైడే కారణమని ప్రకటించారు. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. ఇవన్నీ నెల్లూరు జిల్లా తాలూకాలు.

ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ ఒకే కుటుంబం. వీటినే హాలోజన్లు అంటారు. అన్నిటికీ ఒక్క ఎలక్ట్రాన్ కొరత. దాన్ని పక్కవాటి నుంచి లాక్కుంటాయి. నీళ్లలో కలిపిన క్లోరిన్ క్రిములను చంపేది ఈ గుణంతోనే. లాక్కోవడంలో ఫ్లోరిన్‌దే పైచేయి, అందుకే ప్రకృతిలో విడిగా దాదాపు దొరకదు. రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్‌గా నీటిలో కరుగుతుంది. అలా స్థిరపడ్డాక బ్లీచింగ్ పౌడర్ దాన్నేమీ చేయలేదు. మరిగిస్తే నీరు ఆవిరై, ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగిలి ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టర్, యూవీ ఫిల్టర్ కూడా దాన్ని ఆపలేవు.

నీటిలో కాల్షియం ఉంటే ఫ్లోరైడ్ ఎక్కువగా కరగలేదు. అందువల్ల సబ్బు బాగా నురగొచ్చే బోరు నీళ్లు మంచివని నమ్మకండి. రుచి, రంగు, వాసన ఏవీ చెప్పవు. పరీక్ష చేయించాల్సిందే. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనిచోట 1.5 వరకు అనుమతిస్తారు. ఎండలో మిరపకాయలు కోసే కూలీ రోజుకు నాలుగైదు లీటర్లు తాగుతారు కాబట్టి అదే నీటితో వారికి చేరే మోతాదూ ఎక్కువే.

పంటి, ఎముక ఖనిజంలో ఫ్లోరైడ్ సులువుగా ఇమిడిపోతుంది. కొద్దిగా అయితే పన్ను గట్టిపడుతుంది, టూత్‌పేస్టుల్లో కలిపేది అందుకే. అతిగా చేరితే మచ్చలు పడతాయి. దాదాపు ఎనిమిదేళ్ల లోపు, శాశ్వత దంతాలు చిగుళ్లలో తయారవుతున్నప్పుడే ఈ నష్టం జరుగుతుంది. ఎముకలకు మాత్రం వయసుతో పని లేదు. ఏళ్ల తరబడి పేరుకుని మెడ, నడుము వంగనివ్వదు. కిడ్నీ జబ్బున్న వారిలో ఇంకా ఎక్కువ నిలిచిపోతుంది.

నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన ‘నల్గొండ విధానం’లో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించుతారు. మోతాదు లెక్క తప్పకూడదు కనుక ఇంట్లో సొంతంగా ప్రయత్నించకపోవడమే మేలు. ఇంటికి ఆర్వో నయం. పాలు, రాగులు, ఉసిరి తీసుకోవాలి. చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు గమనించారు. మన పులుసుకు ఇదో కితాబు! అలాగని అది మంచినీటికి బదులు కాదు.

చాలా ఇళ్లలో తాగడానికి ఆర్వో నీళ్లు, వంటకు బోరు నీళ్లు వాడుతుంటారు. అన్నం, పప్పు ఉడికేటప్పుడు పీల్చుకునేది ఆ బోరు నీళ్లనే. ఎసరు కూడా ఆర్వో నీళ్లతోనే పెట్టండి.