ఆపరేషన్ ఒక్కటే దారా?

నేనూ, మా పిన్ని కూతురూ ఒకే ఈడు వాళ్లం. నేను ఇంజినీరింగ్ పూర్తిచేసి ఉద్యోగంలో చేరిన ఏడాదే తనకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది. అప్పటికి తనకి 22 ఏళ్లు. పిల్లలిద్దరి మధ్యా పట్టుమని పద్నాలుగు నెలల ఎడం లేదు. రెండో కాన్పుకి ఒంట్లో రక్తం లేక చాలా ఇబ్బంది పడింది. మొన్న పండక్కి ఊరెళ్లినప్పుడు, ‘మధ్యలో ఏదైనా వాడాల్సింది కదే’ అన్నాను. ‘వాడటానికి ఏముందో నాకెవరు చెప్పారే?’ అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇది తనొక్కదాని కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన మహిళల్లో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్లు నూటికి ఒకటి కూడా లేవు. పిల్లల మధ్య ఎడం కోసం వాడే పద్ధతులన్నీ కలిపినా రెండు మూడు శాతం మించవు. ఒక యాప్‌లో ఒకే బటన్ పెట్టి, ‘అందరూ దీన్నే ఎంచుకున్నారు’ అని రిపోర్టిస్తే మా ఆఫీసులో నవ్విపోతారు. ఇక్కడ జరుగుతున్నది అదే!

మొదట్నుంచీ ఇలా లేదు. 1976-77లో, ఎమర్జెన్సీ రోజుల్లో, దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేస్తే అందులో ఎక్కువ మంది మగవాళ్లే. ఆ బలవంతానికి జనం హడలిపోయారు. ఆ తర్వాత భారమంతా ఆడవాళ్ల మీదకి వచ్చిపడింది.

మరి ఏమున్నాయి? కాన్పయిన 48 గంటల్లోపే కాపర్-టి వేయించుకోవచ్చు. రకాన్ని బట్టి ఐదేళ్లో, పదేళ్లో పనిచేస్తుంది. వద్దనుకుంటే తీయించేసుకోవచ్చు. ‘అంతర’ ఇంజెక్షన్ మూడు నెలలకోసారి. ‘ఛాయ’ మాత్రలో హార్మోన్లు ఉండవు, పాలిచ్చే తల్లులూ వేసుకోవచ్చు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికోసారి. నిరోధ్ అయితే సుఖవ్యాధుల నుంచీ కాపాడుతుంది. కాన్పు తర్వాత మళ్లీ గర్భానికి కనీసం రెండేళ్లు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అయితే పేర్లు చెప్పి వదిలేస్తే చాలదు. అంతర తీసుకుంటే నెలసరి తప్పొచ్చు, మానేశాక గర్భం రావడానికి కొన్ని నెలలు పట్టొచ్చు. కాపర్-టితో మొదట్లో రక్తస్రావం ఎక్కువ కావచ్చు. ఇవి ముందే చెప్పకపోతే ఆమె భయపడి మానేస్తుంది, పక్కింటావిడనీ మాన్పిస్తుంది. ఆశా కార్యకర్త వచ్చినప్పుడు అత్తగారూ, భర్తా కూడా కూర్చుని వినాలి. మగవాళ్లకి కత్తిగాటు, కుట్లు లేని వేసెక్టమీ ఉందనీ, అదేరోజు ఇంటికెళ్లిపోవచ్చనీ, మూడు నెలలు మాత్రం జాగ్రత్త పడాలనీ వాళ్లకీ తెలియాలి.

నేను బయల్దేరేముందు మా చెల్లి తన తోడికోడలిని పీహెచ్‌సీకి తీసుకెళ్లింది. ఆ అమ్మాయికి ఐదు నెలల పాప. ఏది తీసుకుంటుందో ఆమె ఇష్టం. కానీ ‘నాకెవరు చెప్పారు’ అని మాత్రం అనదు.