సమాచారం సరే... మాత్ర వేసుకున్నారా?

ఈమధ్య మా ఓపీకి అరవై ఏళ్ల పెద్దాయన తలనొప్పితో వచ్చారు. చూస్తే బీపీ 190/110. ఎన్నో ఏళ్లుగా మాత్రలు వాడుతున్న మనిషి. ‘మానేసి నెలైందండీ’ అంటూ ఫోన్ తీసి చూపించారు. బీపీ మాత్రలతో కిడ్నీలు పాడవుతాయని ఒక వీడియో. వెల్లుల్లి తింటే చాలని మరొకటి. ఉప్పు పూర్తిగా మానేయాలని ఇంకొకటి. రాతి ఉప్పు ఎంతైనా తినొచ్చని వేరొకటి. ‘ఏది నమ్మాలో తెలియక అన్నీ ఆపేశా’ అన్నారు.

నిజానికి కిడ్నీలను దెబ్బతీసేది అదుపులో లేని బీపీయే. రాతి ఉప్పులోనూ ఉండేది ప్రధానంగా సోడియమే.

ఎందుకిలా?

మన మెదడు ఒకేసారి నాలుగైదు విషయాలకు మించి మనసులో ఉంచుకుని ఆలోచించలేదు. అంతకు మించితే నిర్ణయం వాయిదా వేస్తుంది, లేదా తేలికైన దారి పట్టుకుంటుంది. పదేపదే విన్న మాట అబద్ధమైనా నిజమనిపిస్తుంది. కొవిడ్ సమయంలో, 2020లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ సమాచార వెల్లువను ‘ఇన్ఫోడెమిక్’ అని హెచ్చరించింది.

మా వైపూ లోపముంది. రద్దీలో ఒక్కొక్కరికి మేమిచ్చేది కొద్ది నిమిషాలే. మిగిలిన సందేహాలకు ఫోనే జవాబు చెబుతోంది.

ప్రాణం మీదికి తెచ్చేవి

పక్షవాతం వస్తే వేళ్ల కొసలను సూదితో గుచ్చమని, గుండెపోటు వస్తే గట్టిగా దగ్గమని సందేశాలు తిరుగుతుంటాయి. వీటితో ఒరిగేదేమీ లేదు, విలువైన సమయం పోతుంది. పక్షవాతంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. మూతి వంకరపోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇలా చేసి చూడండి

* వాట్సాప్ సందేశంపై రెండు బాణాల గుర్తుంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. నిజమని కాదు.
* చెప్పిందెవరు? చివర్లో ఏదైనా అమ్ముతున్నారా? ఈ రెండూ చూడండి.
* ఏ మందైనా మానాలన్నా, మార్చాలన్నా ముందు డాక్టర్‌ను అడగండి.
* సందేహాలు కాగితంపై రాసుకోండి. అందులో ముఖ్యమైన మూడింటిని ఓపీలో ముందుగా అడగండి.
* గ్రూపులను మ్యూట్‌లో పెట్టి, రోజులో ఒకటి రెండుసార్లే చూడండి. పడుకునే గంట ముందు ఫోన్ పక్కన పెట్టేయండి.
* వార్తలు, వీడియోల వల్ల ఆందోళన, నిద్రలేమి రెండు వారాలు దాటితే వైద్యుల్ని కలవండి.

ఆ పెద్దాయన మళ్లీ మాత్రలు మొదలుపెట్టారు. తర్వాతి నెల బీపీ 140/90కి దిగింది. ఈసారి ఫోన్ తీయలేదు. జేబులోంచి మడత కాగితం తీశారు. అందులో మూడు ప్రశ్నలున్నాయి. జవాబు చెప్పడానికి నాకు నాలుగు నిమిషాలు పట్టింది.