మగ్గం కూలి లెక్క

ఒక్కో పనికి ఒక్కో కూలి ఎందుకు? ఈ ఆదివారానికి ముఖచిత్ర కథనంగా ఇదే రాయమన్నారు సంపాదకులు. గడువు తక్కువ. బెంగళూరు రైలు మార్గంలో వరసగా వచ్చే ధర్మవరం, పెనుకొండ, హిందూపురం పట్టుకుంటే చాలనుకున్నాను. చదువుతుంటే ఒక పాత అధ్యాయం నన్ను కదలనివ్వలేదు.

ఆడమ్ స్మిత్ 1776 నాటి ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’, మొదటి భాగం, పదో అధ్యాయం. కూలీల్లో తేడాకు అక్కడ ఐదు కారణాలు చెప్పాడు: పనిలోని కష్టసుఖాలు, నేర్చుకునే ఖర్చు, ఏడాదంతా పని దొరకడం, మోయాల్సిన నమ్మకం, రాణించే అవకాశం. నేతగాణ్నీ తలుచుకున్నాడు. దర్జీ పని తేలిక కాబట్టి అతనికంటే నేతగాడికి ఎక్కువట. నేత శుభ్రమైన పని కాబట్టి కమ్మరికంటే తక్కువట.

ఆ కొలతతో ధర్మవరం మగ్గాన్ని చూడండి. పడుగు సరిచేయడం, అచ్చు అతకడం, జాకార్డ్ అట్టల ప్రకారం జరీ అంచూ కొంగూ తేల్చడం ఏళ్లతరబడి నేర్చే విద్య. వానలకు మగ్గం గుంటలో నీరూరితే పని ఆగుతుంది. రెండు లెక్కలూ కూలి ఎక్కువ ఉండాలనే చెబుతాయి. కానీ 2019-20 జాతీయ చేనేత గణనలో 66.3 శాతం కుటుంబాల నెల రాబడి ఐదు వేల లోపే. అదీ ఇంటిల్లిపాది రాబడి. కండెలు చుట్టే ఇల్లాలికి విడిగా కూలి కట్టేవారెవరు?

స్మిత్ లెక్కకు ఒక షరతుంది: పనివాడికి పని మార్చుకునే స్వేచ్ఛ ఉండాలి. పట్టూ జరీ మాస్టర్ వీవర్ ఇచ్చి, పైన అడ్వాన్సూ ఇచ్చాక, అది తీరేదాకా నేతగాడు ఇంకొకరి గడప ఎలా తొక్కుతాడు? పైగా మరమగ్గం నకలు పక్క దుకాణంలోనే చవగ్గా దొరుకుతుంటే, కూలి పెంచమని ఏ బలంతో అడుగుతాడు? హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్లకు వేలం ఉంది. మగ్గం కూలికి వేలం లేదు. ఇది అన్యాయమనే నా నమ్మకం.

ఈ మగ్గాల పక్కకే కార్ల ఫ్యాక్టరీ వచ్చింది: 2017లో కియా కంపెనీతో ఒప్పందం, 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఉత్పత్తి.

కారు పక్కన చీర
కియా ఫ్యాక్టరీని ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యంతో కట్టారు. అక్కడ మనిషి చేతికి యంత్రం తోడు కాబట్టి ఒక్కొక్కరి పని విలువ పెరుగుతుంది. చీర మాత్రం ఈనాటికీ రోజుల తరబడి నేయాల్సిందే. చుట్టుపక్కల జీతాలు పెరిగితే, మనిషిని నిలుపుకోవడానికి మగ్గమూ ఎక్కువ ఇవ్వాలి; లేకుంటే ఖాళీ అవుతుంది. 1966లో అర్థశాస్త్రవేత్తలు బౌమోల్, బోవెన్ సంగీత, నాటక కళాకారుల విషయంలో ఈ సూత్రమే చూపించారు.

కొనేవారికి
1985 చట్టం కొన్ని రకాల చీరలను చేనేతకే కేటాయించింది. సిల్క్ మార్క్ పట్టు అసలుదని మాత్రమే చెబుతుంది. చేత్తో నేసిందని చెప్పేది హ్యాండ్లూమ్ మార్క్. ధర్మవరం చీర కొనేటప్పుడు రెండూ అడగండి.