‘ఐడిల్’ అనగా సోమరియేనా?

కొన్నాళ్ల క్రిందట మన కళాశాల పూర్వవిద్యార్థి ఒకడు ఉద్యోగానికి దరఖాస్తు వ్రాసుకొని, దిద్దిపెట్టమని నా వద్దకు వచ్చినాడు. డిగ్రీ పూర్తియై రెండేళ్లయినది. ఆ రెండేళ్లు ఏమి చేసినదీ తెలుపవలసిన చోట ‘ఐ యామ్ లేజీ ఎట్ హోమ్’ అని వ్రాసినాడు. ఇదేమని అడిగితే, “ఖాళీగా ఉన్నాను కదా సార్! ఐడిల్ అను మాట తట్టింది. నిఘంటువులో చూస్తే సోమరి అని ఉన్నది. సోమరి అంటే లేజీయే కదా అని అదే వ్రాసినాను” అన్నాడు. ఉద్యోగానికై ఊరూరా తిరిగిన పిల్లవాడు తాను సోమరినని తానే సంతకం చేసి ఇవ్వబోయినాడు. తప్పు వానిది కొంత. ఆ రెండు మాటలనూ ఒకటే అర్థంతో వల్లె వేయించిన మా ఉపాధ్యాయులది అంతకంటె ఎక్కువ.

‘లేజీ’ స్వభావాన్ని చెప్పే మాట. పని ఉండి కూడా చేయుటకు మనసొప్పనివాడు లేజీ. ‘ఐడిల్’ ముఖ్యంగా స్థితిని చెప్పును. పని జరుగుట లేదు, అంతే. ఎందుచేతనో ఆ మాట చెప్పదు. కరెంటు పోయి మిల్లు ఆగిపోతే యంత్రాలు ఐడిల్‌గా ఉన్నవంటారు గాని లేజీగా ఉన్నవని ఎవరూ అనరు. వ్యాపారంలో పెట్టక ఇనుపపెట్టెలో మూలుగుతున్న సొమ్ము ఐడిల్ మనీ. కోల్రిడ్జ్ కవి 1798లో ప్రకటించిన ముసలి నావికుని గాథలో, గాలి స్తంభించి నడిసముద్రంలో నిలిచిపోయిన ఓడకు ఈ విశేషణమే వాడినాడు. గాలి వీచకపోవుట ఓడ దోషమా?

ఈ మాట పుట్టుక చూస్తే సంగతి మరింత తేటపడుతుంది. ప్రాచీన ఆంగ్లంలో దీని అర్థం శూన్యము, వట్టిది. సృష్టి ఆరంభంలో భూమి శూన్యంగా ఉండెనని చెప్పుటకు బైబిలు ఆదికాండపు ప్రాచీనాంగ్లానువాదంలో ఈ పదమే వాడబడినది. ఆ పాత అర్థం నేటికీ పోలేదు. ఐడిల్ టాక్ అంటే ఉత్త మాటలు. ఐడిల్ థ్రెట్ అంటే ఉత్త బెదిరింపు. ఇక్కడ సోమరి అను అర్థం ఎంత వెదకినా దొరకదు. మన ‘ఉత్త’ అను చిన్నమాట అతికినట్లు సరిపోతుంది. అరబ్బీ నుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చిన ‘ఖాళీ’ కూడా అట్టిదే. కుండ ఖాళీ, మనిషీ ఖాళీ. నిజానికి ఆ విద్యార్థి తెలుగులో తలచినది ఆంగ్లపదపు మూలార్థానికి ఎంతో దగ్గర. నిఘంటువే వానిని దారి తప్పించినది.

అయితే ఈ మాటకు నిందార్థం లేదనరాదు. నామవాచకానికి ముందు చేర్చి ‘ఐడిల్ ఫెలో’ అంటే అది తరచుగా తిట్టే. ‘ది వర్కర్స్ వర్ ఐడిల్’ అంటే పని లేక ఊరకున్నారని మాత్రమే కావచ్చును. స్థానాన్ని బట్టి గౌరవం మారుట మనుషులకే కాదు, మాటలకూ ఉన్నది! ఉర్దూ విద్యార్థులకు ‘బేకార్’ను గుర్తుచేస్తే చాలును. ‘బే’ అనగా లేకుండా, ‘కార్’ అనగా పని. పని లేనివాడని చెప్పిన ఆ మాటే పనికిరానివాడని కూడా చెప్పసాగినది. అందుకే మర్యాద తెలిసినవారు ‘బేరోజ్‌గార్’ అంటారు.

కనుక ఆ దరఖాస్తులో లేజీని కొట్టివేసి, ఐడిల్‌ను కూడా వ్రాయనీయలేదు. “ఈ రెండేళ్లు నిజంగా ఏమీ చేయలేదా?” అని అడిగినాను. అన్నగారి కుట్టుదుకాణంలో రోజూ లెక్కలు వ్రాసేవాడట. జీతం లేదు గనుక అది పని కాదనుకున్నాడు. ఆ సంగతినే ఆ చోట వ్రాయించి పంపినాను.