పచ్చి కాంక్రీటు గట్టిపడేదాకా గండమే

చుండూరు: చెన్నై-హౌరా ప్రధాన రైలుమార్గం చుండూరు మీదుగా సాగుతుంది. రేయింబవళ్లు రైళ్లు తిరిగే ఇటువంటి మార్గంపై రోడ్డు వంతెన కట్టాలంటే పట్టాల మధ్య సెంట్రింగు నిలిపి వారాల తరబడి స్లాబు పోయడం కుదరదు. అందుకే పట్టాలపై వచ్చే భాగానికి చాలాచోట్ల ఉక్కు, కాంక్రీటు కలిసిన మిశ్రమ వంతెనను ఎంచుకుంటారు. కొద్ది గంటలు రైళ్లు ఆపి ఉక్కు గర్డర్లను క్రేన్లతో ఎక్కిస్తారు. వాటిపై కాంక్రీటు పోస్తారు.

కాలువపై ఒకదానిమీద ఒకటి వేసిన రెండు చెక్కలపై మనిషి నడిస్తే అవి వేర్వేరుగా వంగి, ఒకదానిపై ఒకటి జారతాయి. మేకులు కొడితే రెండూ ఒకే దూలంలా బిగుస్తాయి. మిశ్రమ వంతెనలో సూత్రమూ ఇదే. గర్డరు పైఅంచుకు వెల్డింగు చేసిన ఉక్కు స్టడ్లు స్లాబులో పాతుకుని జారుడును అడ్డుకుంటాయి. పైన నొక్కుడును కాంక్రీటు, కింద సాగుడును ఉక్కు భరిస్తాయి.

ఈ పొత్తు ఎంత గట్టిదో ముందే తేల్చేందుకు ఇంజినీర్లు ఫైనైట్‌ ఎలిమెంట్‌ పద్ధతిని ఆశ్రయిస్తారు. ఈ పేరును 1960లో అమెరికా ఇంజినీరు రే క్లఫ్‌ వాడుకలోకి తెచ్చారు. వంతెనను కంప్యూటర్‌లో వేల చిన్న ముక్కలుగా విభజించి, ముక్కలు కలిసే ప్రతి బిందువూ బరువుకు ఎంత కదులుతుందో సమీకరణాలతో లెక్కిస్తారు. స్టడ్లను స్ప్రింగులుగా చూపితే జారుడూ లెక్కకు వస్తుంది. స్లాబు, గర్డరు పూర్తిగా అతుక్కున్నాయని భావిస్తే మాత్రం తెరమీద వంతెన అసలుకన్నా బిగువుగా కనిపిస్తుంది. కంప్యూటర్‌ ఇచ్చిందే వేదమనుకుంటే చిక్కే.

అసలు గండం నిర్మాణ దశలో పొంచి ఉంటుంది. పోసిన కాంక్రీటు గట్టిపడే వరకు బలం ఇవ్వదు, బరువు మాత్రమే మోపుతుంది. ఆ భారమంతా ఉక్కుదే. 2002లో అమెరికాలోని న్యూయార్క్‌ రాష్ట్రం మార్సీ వద్ద పాదచారుల వంతెనకు స్లాబు పోస్తుండగా ఉక్కు గర్డరు మెలితిరిగి కూలింది. ఒక కార్మికుడు మరణించాడు. కాబట్టి పూర్తయిన వంతెనకు ఒక్క నమూనా చేసి ఊరుకుంటే చాలదు. గర్డరు ఒంటరిగా ఉన్నప్పుడు, పచ్చి కాంక్రీటు పడినప్పుడు, అది గట్టిపడ్డాక వాహనాలు ఎక్కినప్పుడు... ఇలా దశలవారీగా లెక్క కట్టాలి. గర్డర్లను అడ్డంగా కలిపే బ్రేసింగులు ఎక్కడ, ఎన్ని అవసరమో తేలేది అక్కడే.

కృష్ణా డెల్టా బంకమట్టి నేలల్లో పునాది కుంగుదలనూ పరిశీలించాలి. పలు స్తంభాలపై ఏకంగా సాగే గర్డరైతే ఒక స్తంభం కాస్త దిగినా భారం పక్క స్తంభాలకు మళ్లుతుంది. ఆ స్తంభం కొన్ని మిల్లీమీటర్లు దిగినట్లు నమూనాలో చూపి, స్లాబు పైభాగం ఎక్కడ పగులుతుందో ముందే చూడవచ్చు.

నిర్మాణం ముగిశాక బరువు నింపిన లారీలను వంతెనపై నిలిపి గర్డరు వంపును కొలుస్తారు. నమూనా చెప్పిన వంపుతో దాన్ని సరిపోల్చుతారు.