మోర్‌బాత్ లెక్కల పుస్తకం చెప్పే చరిత్ర

ఇంగ్లండ్ మతసంస్కరణ అనగానే రాజులు, శాసనాలే గుర్తొస్తాయి. ఆ మార్పు సామాన్యుల బతుకును ఎంతగా కుదిపిందో తెలియాలంటే మాత్రం డెవన్ ప్రాంతంలోని మోర్‌బాత్ లాంటి పల్లె చర్చి లెక్కలు చూడాలి. ముప్పై పైచిలుకు కుటుంబాలున్న ఆ ఊరికి క్రిస్టఫర్ ట్రికీ 1520 నుంచి 1574 దాకా పాదిరి. పునీతుల పేరిట ఊరివాళ్లు పెంచే గొర్రెల ఉన్ని అమ్మగా వచ్చిన సొమ్ముతో చర్చిలో దీపాలు వెలిగేవి. ఎనిమిదో హెన్రీ, ఆరో ఎడ్వర్డ్ కాలపు ఆజ్ఞలతో ఆ దీపాలు ఆరిపోయాయి, మందలు పోయాయి. 1549లో కొత్త ప్రార్థన పుస్తకాన్ని వ్యతిరేకిస్తూ పశ్చిమ ప్రాంతం తిరగబడింది. అప్పుడు ఎక్సెటర్ దగ్గరి తిరుగుబాటు శిబిరానికి అయిదుగురు యువకులను ఊరి ఖర్చుతో పంపిన సంగతిని చరిత్రకారుడు ఈమన్ డఫీ ఈ లెక్కల్లోనే గుర్తించారు.

ఇదంతా ఒక్క పాదిరి రాసిందే కదా, ఊరి మాట ఎలా అవుతుందని అడగవచ్చు. అనుమానం సబబే. కానీ ఆ లెక్కలను ఊరివాళ్ల ముందు పైకి చదివి వినిపించేవారు. సొమ్ము ఇచ్చినవాళ్లు ఎదుటే ఉండగా తప్పు రాయడం తేలిక కాదు. ఒక్క ఊరు దేశమంతటికీ నమూనా కాదన్నదీ నిజమే. అయినా రాజాజ్ఞ ఏం కోరిందో శాసనం చెబుతుంది. దానికి జనం ఏం మూల్యం చెల్లించారో ఇలాంటి పుస్తకమే చెబుతుంది. రెండూ కలిస్తేనే చరిత్ర పూర్తవుతుంది.