చీకటి పాటలో ఉపాధి కార్యాలయం

నిరాశను పాడినవాణ్ణల్లా నిరాశావాది అని పక్కన పెట్టేయడం మన అభ్యుదయ విమర్శకు పాత అలవాటు. పరిష్కారమేదీ అని అడిగి పుస్తకం మూసేస్తాం. ఆ ప్రశ్నకు లొంగని రికార్డు ఒకటుంది. ఇంగ్లండులో జాయ్ డివిజన్ అనే కుర్రాళ్ల రాక్ బృందం 1979 జూన్‌లో వెలువరించిన తొలి ఆల్బమ్ 'అన్‌నోన్ ప్లెజర్స్' అది. ఫ్యాక్టరీ అనే చిన్న స్థానిక సంస్థ మొదట పదివేల ప్రతులు వేసింది. పెద్ద కంపెనీల నీడ లేకుండా నిలబడ్డ ఇలాంటి సంగీతానికే 'ఇండీ' అని పేరు.

వీళ్లది మాంచెస్టర్ ప్రాంతం. 1845లో ఎంగెల్స్ కార్మికుల బతుకు గురించి పుస్తకం రాసింది ప్రధానంగా ఆ నగరాన్ని చూసే. 1970ల నాటికి అక్కడ చాలా మిల్లులు మూతబడ్డాయి. ఆ సంగతి పాటల్లో నినాదంగా లేదు, ధ్వనిలో ఉంది. నిర్మాత మార్టిన్ హానెట్ డ్రమ్ముల శబ్దాలను విడివిడిగా రికార్డు చేయించి, మధ్య ఖాళీలను ప్రతిధ్వనికి వదిలాడు. వేదిక మీది హోరు పోయిందని గిటారు వాయించే సమ్నర్, బాస్ వాయించే హుక్ అసంతృప్తి పడ్డారు. నేను మాత్రం హానెట్ పక్షమే. హోరులో జనం ఉంటారు. ఇక్కడ వినిపించేది మనిషికీ మనిషికీ నడుమ ఖాళీ గోదామంత దూరం.

ఇక 'షీజ్ లాస్ట్ కంట్రోల్' అనే పాట. గాయకుడు ఇయాన్ కర్టిస్ మాక్లస్‌ఫీల్డ్‌లో ఉపాధి కార్యాలయ ఉద్యోగి. వికలాంగులకు పని చూపించడం అతని బాధ్యత. మూర్ఛవ్యాధి ఉన్న ఒక యువతి పని కోసం వచ్చేది. కొన్నాళ్లకు రావడం మానేసింది. చనిపోయిందని అతనికి తర్వాత తెలిసింది. ఫైలు మూసేసే చోట అతను పాట కట్టాడు. 1979 ఆరంభంలో అతనికే మూర్ఛవ్యాధి అని వైద్యులు తేల్చారు. ఏప్రిల్‌లో రికార్డింగు నాటికి బల్లకు ఇవతల కూర్చున్నవాడు అవతలికి చేరిపోయాడు. ఆల్బమ్ రెండు వైపులకూ 'బయట', 'లోపల' అని అర్థమొచ్చే పేర్లు పెట్టారు. ఆఫీసు బల్ల దగ్గర పుట్టిన ఈ పాటతోనే 'లోపల' మొదలవుతుంది! సామాజిక వాస్తవికత, అంతర్ముఖత్వం అని మనం వేరువేరు పెట్టెల్లో సర్దేవి ఇందులో ఒకే గొంతులో పలుకుతాయి.

లోపం లేదనను. పక్కవాడి చెయ్యి పట్టుకునే జాడ ఈ పది పాటల్లో నాకు దొరకలేదు. రికార్డింగుకూ విడుదలకూ మధ్య, మే నెలలో, థాచర్ అధికారానికొచ్చింది. మూకుమ్మడి నిరుద్యోగం ముంచుకొస్తున్న వేళ ఒంటరితనమొక్కటే సరిపోదు.

1980 మే 18న, 23 ఏళ్లకే, కర్టిస్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ తర్వాత చాలామంది ఈ ఆల్బమ్‌ను అతని మరణ వాంగ్మూలంగానే విన్నారు. అలా వింటే, పని కోసం వచ్చిన ఆ యువతి మళ్లీ కనిపించకుండా పోతుంది.